గూఢచారి, వేగు, కోవర్టు: అందరికీ ఒకే మాటా?

ఒలెగ్ పెన్కోవ్‌స్కీ గురించి రాస్తూ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. అతను సోవియట్ సైనిక నిఘా సంస్థ జీఆర్‌యూలో కల్నల్. 1961 నుంచి బ్రిటన్‌కీ అమెరికాకీ రహస్యాలు అందించాడు. 'సోవియట్ గూఢచారి' అని రాస్తే చేసిన పని తలకిందులవుతుంది. 'బ్రిటిష్ గూఢచారి' అంటే ఆ దేశం మనిషే అనుకుంటారు. రెండూ తప్పుదారి పట్టించేవే.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు ఆఫీసర్ వేరు, ఏజెంట్ వేరు అంటారు. ఆఫీసర్ అంటే జీతం తీసుకునే ఉద్యోగి. ఆ ఉద్యోగి బయట వెతికి, నమ్మకం కుదుర్చుకుని, రహస్యాలు ఇవ్వడానికి ఒప్పించిన మనిషి ఏజెంట్. (అమెరికా ఎఫ్‌బీఐలో మాత్రం ఉద్యోగినే ఏజెంట్ అంటారు. అక్కడి నుంచే మనకు సగం గందరగోళం వచ్చిందని నా అనుమానం.) మన పత్రికల్లో ఇద్దరూ గూఢచారులే.

1962 క్యూబా సంక్షోభాన్ని చూడండి. అక్టోబరు 14న అమెరికా నిఘా విమానం యూ-2 క్యూబా మీదుగా ఎగిరి ఫొటోలు తీసింది. మర్నాడు వాషింగ్టన్‌లో నిపుణులు వాటిని పరిశీలించి, అక్కడున్నవి సోవియట్ క్షిపణులని తేల్చారు. పెన్కోవ్‌స్కీ అంతకుముందే పంపిన క్షిపణుల సమాచారం వాళ్ళకి ఉపయోగపడింది. అతను మాస్కోలో ఫిల్ములు అందించింది ఒక బ్రిటిష్ అధికారి భార్య జానెట్ చిషోల్మ్‌కి, ఆమె పిల్లలతో పార్కుకి వచ్చినప్పుడు. విమానం నడిపినవాడు, ఫొటో చదివినవాడు, పార్కులో అందుకున్నావిడ, ప్రాణాలకు తెగించి ఇచ్చినవాడు... నలుగురివీ నాలుగు రకాల పనులు. పెన్కోవ్‌స్కీని అదే నెల 22న అరెస్టు చేశారు, 1963 మేలో చంపేశారు. మిగతావాళ్ళతో కలిపి అతన్నీ ఒకే మాటలో పడేయడానికి నాకు మనసొప్పడం లేదు.

గూఢచారి అంటే రహస్యంగా సంచరించేవాడు. బల్ల ముందు కూర్చుని భూతద్దంతో ఫొటోలు చూసే మనిషి ఎక్కడ సంచరిస్తున్నాడు? పోనీ 'నిఘా' అందామా అంటే, అది పారసీ 'నిగాహ్' నుంచి వచ్చింది, చూపు అని అర్థం. అమెరికా ప్రభుత్వం జనం ఫోన్, ఇంటర్నెట్ వాడకాన్ని రహస్యంగా గమనిస్తోందని 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన వ్యవహారానికి అది చక్కగా అతుకుతుంది. కానీ ఇంటెలిజెన్స్‌లో చూడటం ఒక భాగమే, చూసినదానికి అర్థం చెప్పడం రెండో భాగం. విదేశీ రహస్యాల కోసం 1968లో మన దేశం పెట్టిన సంస్థ 'రా' పూర్తి పేరులోనే 'రీసెర్చ్', 'అనాలిసిస్' ఉన్నాయి కదా.

ఏజెంట్‌కి తెలుగులో ఏమందాం?

— కోవర్టు అంటే సరిపోదా? అందరికీ తెలిసిన మాట.

మంచి మాటే. ఇంగ్లిష్‌లో అది విశేషణం. మనమే దాన్ని మనిషిని చేశాం. కానీ మన వాడుకలో కోవర్టు అంటే అవతలివాళ్ళు పని పెట్టుకుని లోపలికి పంపినవాడు. కిమ్ ఫిల్బీ అచ్చంగా అదే. సోవియట్‌వాళ్ళు 1934లోనే అతన్ని తమవైపు తిప్పుకున్నారు, 1940లో బ్రిటిష్ రహస్య సంస్థలో చేరాడు, 1963లో మాస్కోకి పారిపోయాడు. పెన్కోవ్‌స్కీ అలా కాదు. ముందునుంచీ లోపలే ఉన్నాడు, తనంతట తానే పాశ్చాత్యుల దగ్గరికి వెళ్ళాడు.

— అయితే వేగు? వేగుచుక్కలో వేగుకీ దీనికీ సంబంధముందా?

వేగుచుక్కలోది తెల్లవారడం అనే అర్థం. రెంటినీ కలపకండి. వేగులవాడు అంటే శత్రువు గుట్టు తెలుసుకుని వచ్చి చెప్పేవాడు. ఎవరి జీతగాడన్న ప్రశ్న ఈ మాటలో లేదు, ఎవరికి చెబుతున్నాడన్నదే ఉంది. నాకు కావలసింది అదే.

— పాతబడిన మాట కదా, ఇప్పటి పాఠకులకి తెలుస్తుందా?

వాక్యంలో సరైన చోట పెడితే తెలుస్తుందనే నా నమ్మకం. ప్రస్తుతానికి ఇలా రాసుకున్నాను: 'జీఆర్‌యూ అధికారి పెన్కోవ్‌స్కీ 1961 నుంచి బ్రిటన్‌కీ అమెరికాకీ వేగుగా పనిచేశాడు.' ఫొటోలు చదివినవాళ్ళకి 'విశ్లేషకులు' అని పెట్టాను. జానెట్‌కి మాత్రం ఇంకా మాట దొరకలేదు.