బ్రిడ్జ్ క్లబ్బులో చారిటీ నైట్ నా నెత్తిన పడింది, మీ దగ్గర ఎలా చేస్తారో చెప్పండి

గోదారి_నోట్రంప్:
అందరికీ నమస్తే. నేను ఇంగ్లాండులో మిడ్‌లాండ్స్ వైపు ఒక చిన్న టౌన్లో ఉంటున్నాను, రిటైరయ్యాక అబ్బాయి దగ్గరికి వచ్చేసి ఇక్కడి బ్రిడ్జ్ (నలుగురు రెండు జంటలుగా ఆడే కార్డుల ఆట) క్లబ్బులో చేరాను. చర్చి హాలు అద్దెకి తీసుకుని మంగళవారం సాయంత్రాలు ఆడతారు, తొమ్మిది టేబుళ్ళు నిండితే ఆ రోజు పండగే. నేనూ ఒక గుజరాతీ ఆయనా తప్ప మిగతా అంతా ఇక్కడివాళ్ళే, చాలామందికి డెబ్భై దాటాయి. నవంబర్లో బీబీసీ వాళ్ళ పిల్లల చారిటీ చిల్డ్రన్ ఇన్ నీడ్ కోసం సైమల్టేనియస్ పెయిర్స్ అని ఒకటి ఆడతారు కదా, ఆ రోజు దేశంలో ఎక్కడెక్కడి క్లబ్బుల్లో అవే బోర్డులు (ముందే పంచి పెట్టిన ముక్కల సెట్లు) ఆడి స్కోర్లన్నీ కలిపి ర్యాంకులిస్తారు, ఆట అయ్యాక ఏ హ్యాండ్ ఎలా ఆడాలో రాసిన చిన్న పుస్తకం కూడా చేతిలో పెడతారు. ఈసారి ఆ సాయంత్రం ఏర్పాట్లు కమిటీ వాళ్ళు నాకు అప్పజెప్పారు. ఆట గురించి బెంగ లేదు, దానికి ఆట నడిపించే డైరెక్టర్ ఉన్నాడు. డబ్బు పోగుచేయడం ఎలా అన్నదే సమస్య. కాకినాడలో ఉన్నప్పుడైతే చందా పుస్తకం పట్టుకుని నలుగురం బయల్దేరేవాళ్ళం, మొహమాటానికైనా ఇచ్చేవారు. ఇక్కడ అలా మీద పడి అడిగితే బాగోదేమో. మీ అనుభవాలు చెప్పండి బాబూ.

ఆటీన్_రాణి:
పేకాటతో చారిటీ! మా నాన్నగారు బతికుంటే ఈ పోస్టు ప్రింటు తీయించి మా అమ్మకి చూపించేవారు 😀

తురుపుముక్క_77:
నవ్వకండి అక్కా, బ్రిడ్జ్‌ని పేకాట అనడం మనూళ్ళలో ఇంకా పోలేదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్ మొదటిసారి పెట్టినప్పుడు మగవాళ్ళ పెయిర్స్‌లో మనవాళ్ళు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ గోల్డ్ కొట్టారు, ఒకాయనకి అరవై, ఇంకొకాయనకి యాభై ఆరు. ఆ పేపర్ కటింగు మా క్లబ్బు బోర్డు మీద ఇప్పటికీ ఉంది. చందాలు అడగడానికి వెళ్ళినప్పుడు దాని ఫోటో చూపిస్తాం, పేకాట అనుకుని మొహం చిట్లించినవాళ్ళు కూడా కాస్త మెత్తబడతారు.

జెర్సీ_కళావరు:
గోదారి గారూ, మాది న్యూజెర్సీ. మా దగ్గర పెద్ద పండగ జూన్లో వచ్చే లాంగెస్ట్ డే. ఏడాదిలో పగలు ఎక్కువుండే రోజు అటూఇటూగా అల్జీమర్స్ అసోసియేషన్ కోసం చేస్తారు, అమెరికా బ్రిడ్జ్ లీగు 2013 నుంచి ఇందులో ఉంది. ఆ వారం అందరూ ఊదారంగు బట్టలేసుకొస్తారు, అది ఆ సంస్థ రంగు. పొద్దున ఒక ఆట, మధ్యాహ్నం ఒకటి, కొన్ని క్లబ్బులైతే పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఆడుతూనే ఉంటారు. నేను చూసినంతలో ఎంట్రీ ఫీజు వల్ల వచ్చేది తక్కువ. అసలు డబ్బు మూడుచోట్ల నుంచి వస్తుంది, ఇంటి దగ్గర వండుకొచ్చిన తిండి, ఎవరో ఒకరు నేనింత వేస్తాను మీరంతా కలిసి అంత తెండి అని మాటివ్వడం, ఇంకా వేలం. వేలం అంటే సామాన్లు కాదండి, మనుషులు! క్లబ్బులో బాగా ఆడేవాళ్ళు ఒక్కొక్కళ్ళు ఒక పూట పార్ట్‌నర్‌గా కూర్చుంటామని పేరిస్తారు, కొత్తవాళ్ళు పాడుకుంటారు. పోయినసారి మా దగ్గర ఒక పెద్దావిడ కోసం ఇద్దరు డాక్టర్లు పోటీపడ్డారు, ఆవిడ టేబుల్ దగ్గర ఒక్క మాట మాట్లాడదు, కానీ ఆట అయ్యాక ప్రతి బోర్డూ గుర్తుపెట్టుకుని ఎక్కడ ఏ ముక్క వేయాల్సిందో చెప్తుంది, అందుకే ఆ రేటు. రాఫిల్ (టికెట్లమ్మి లక్కీ డ్రా తీయడం) మాత్రం మేం మానేశాం, మా స్టేట్లో దానికి మున్సిపాలిటీ లైసెన్సు కావాలి, ఆ కాగితాల పనికి ఓపిక ఎవరికీ లేదు. ఇంకో సంగతి, చెక్కులన్నీ క్లబ్బు పేరు మీద కాకుండా నేరుగా ఆ చారిటీ పేరు మీదే రాయించండి. క్లబ్బుల్లో చాలావాటికి చారిటీ హోదా ఉండదు, క్లబ్బుకి ఇస్తే వాళ్ళకి టాక్సులో కలిసిరాదు.

సికింద్రాబాద్_డమ్మీ:
నమస్తే అన్నా. మా దగ్గర కథ వేరే ఉంటది. ఏడ చూసినా క్లబ్బుల రమ్మీ వాళ్ళదే రాజ్యం, బ్రిడ్జ్ ఆడేటోళ్ళం మూలకు రెండు టేబుళ్ళు. కానీ రమ్మీకి, బ్రిడ్జ్‌కి కోర్టుల దోస్తీ ఉన్నది తెలుసా? 1968ల సుప్రీంకోర్టు సికింద్రాబాద్‌ల క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు కేసుల రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటనే అని చెప్పింది, ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం బ్రిడ్జ్‌ల ఉన్నట్టే ఉంటదని అప్పుడే రాసిన్రు. ఇది ఎందుకు చెప్తున్న అంటే, చారిటీ అని పేరుపెట్టి ఎవరన్న ఇయ్యాల ఆటకు ఇంత అని పైసలు పెట్టి ఆడిద్దాం, గెలిచినోళ్ళు సగం విరాళం ఇస్తరు అంటే ఒప్పుకోవద్దు. మా దగ్గర ఒకాయన గట్లనే ప్లాన్ తెచ్చిండు, పెద్దమనుషులు కుదరదన్నరు. లాటరీ టికెట్లు కూడా మన రెండు రాష్ట్రాలల నడవవు. గందుకే మేం టేబుల్ ఫీజు డబుల్ చేసి, మీద వేలంపాట పెట్టినం. వేలంపాట అంటే మనోళ్ళకు చెప్పాల్నా, బాలాపూర్ లడ్డూ 1994ల 450 రూపాయలకు పోయింది, 2024ల 30 లక్షల వెయ్యి! మా కాడ లడ్డూ లేదు, ఒక రిటైర్డ్ కర్నల్ సాబ్ ఇచ్చిన పాత చెక్క కార్డుల డబ్బా ఉన్నది. దానికోసం రమ్మీ వాళ్ళు లేచి వచ్చి పాడిన్రు, మస్తు మజా వచ్చింది. పాడినాయన డబ్బా తీస్కపోలేదు, వచ్చే ఏడు మళ్ళ పాడుండ్రి అని ఆడనే పెట్టిపోయిండు.

తురుపుముక్క_77:
ఇండియాలో చేసేవాళ్ళకి ఒక మాట, రెండువేలు దాటి క్యాష్‌గా ఇస్తే 80జీ అని పిలిచే విరాళాల పన్ను మినహాయింపు రాదు, బియ్యం బట్టలు ఇచ్చినా రాదు. కొత్త పన్ను విధానం తీసుకున్నవాళ్ళకి అసలే రాదు. ముందే చెప్పేస్తే తర్వాత రసీదు గురించి గొడవ ఉండదు.

లెస్టర్_లక్ష్మి:
అన్నయ్యగారూ, మాదీ ఇంగ్లాండే కాబట్టి ఇక్కడి సంగతి రాస్తాను. రాఫిల్ మీకు ఇబ్బంది లేదు, ఆ సాయంత్రం ఆ హాల్లోనే టికెట్లమ్మి, వచ్చినదంతా మంచిపనికి పోతుంటే లైసెన్సు అక్కర్లేదు. ఖర్చుల కింద వంద పౌండ్లు, బహుమతులు కొనడానికి ఐదువందలు దాటి తీయకూడదు, కానీ బహుమతులు ఎవరైనా ఊరికే ఇస్తే దానికి లెక్క లేదు. మా క్లబ్బులో అయితే ఒక్క బహుమతి కూడా కొనం, అందరూ ఇంట్లో అటకమీదున్న వైన్ సీసాలు, చాక్లెట్ డబ్బాలు తెస్తారు, ఒక సీసా మూడేళ్ళుగా చేతులు మారుతూ తిరుగుతోందని నాకు గట్టి అనుమానం. గిఫ్ట్ ఎయిడ్ మాత్రం జాగ్రత్త, విరాళంగా ఇచ్చిన పౌండుకి గవర్నమెంటు పావలా వంతు కలుపుతుంది కానీ రాఫిల్ టికెట్టుకి, ఆట ఫీజుకి అది వర్తించదు. కాబట్టి విరాళాలకి వేరే కవరు, వేరే ఫారం పెట్టండి. మీరన్నట్టు ఇక్కడివాళ్ళని మొహం మీద అడగకూడదు, కానీ టీ టేబుల్ పక్కన ఒక బకెట్ పెడితే దానికదే నిండుతుంది, ఎవరూ చూడనప్పుడు నోట్లు వేస్తారు, చూస్తున్నప్పుడు చిల్లర వేస్తారు. ఆఖరుగా, దయచేసి స్పీచ్ పెట్టకండి. మా దగ్గర ఒకాయన రెండో రౌండుకీ మూడో రౌండుకీ మధ్య లేచి మాట్లాడటం మొదలుపెట్టాడు, నార్త్ సౌత్ వాళ్ళు చేతిలో కార్డులు పట్టుకుని అలాగే కూర్చున్నారు పాపం.

ఆటీన్_రాణి:
ఇంతకీ నేను ఆడేది నిజంగా బ్రిడ్జే, పైన వెక్కిరించాను గానీ 😀 వైజాగులో మేం ఆడవాళ్ళం ఓ అపార్ట్‌మెంటు క్లబ్ హౌసులో ఆడతాం. మా అనుభవం తిండి గురించి. మొదటిసారి చారిటీ అని మిరపకాయ బజ్జీలు వేయించాం, బ్రహ్మాండంగా అమ్ముడయ్యాయి, ఓ గంటకల్లా చూస్తే ఇస్పేటు ఆసు మీద వేలిముద్ర! వీపు మీదండి బాబూ, ముందువైపైతే తుడిచేసేవాళ్ళం. నూనె మరక ఉన్న కార్డు ఎవరి చేతిలో ఉందో టేబుల్ అంతటికీ తెలిసిపోతుంది, ఇంక ఆ బోర్డు ఏం ఆడతాం. ఆ పేక తీసేసి కొత్తది పెట్టి, అవే హ్యాండ్స్ మళ్ళీ చూసి పేర్చేసరికి పావుగంట. జంతికలు అనుకుంటారేమో, పొడి రాలి బోర్డు జేబుల్లో పడుతుంది, చీమలు. ఇప్పుడు రూలు ఏంటంటే టేబుల్ మీద నీళ్ళసీసా తప్ప ఏమీ ఉండకూడదు, సగం ఆట అయ్యాక ఇరవై నిమిషాలు బ్రేకు, అప్పుడే తినాలి, పక్కన చేతులు కడుక్కోడానికి సబ్బు, టిష్యూలు. విచిత్రం ఏంటంటే బ్రేకు పెట్టాక అమ్మకం పెరిగింది, ఆడుతూ తింటే ఒకటి తినేవాళ్ళు నిలబడి కబుర్లు చెప్పుకుంటూ నాలుగు తింటున్నారు. పులిహోర, దద్దోజనం చిన్న గిన్నెల్లో స్పూను వేసి ఇస్తే ఎవరికీ బాధ లేదు. మీ ఇంగ్లీషు వాళ్ళకి పులిహోరలో ఎండుమిర్చి మాత్రం ఏరి ఇవ్వండి.

జెర్సీ_కళావరు:
పులిహోర సూపర్ హిట్టు అవుతుంది, గ్యారంటీ. మా దగ్గర లెమన్ రైస్ అని చెప్తేనే గిన్నె ఖాళీ.

ఎంప్టీ_హ్యాండ్:
అందరూ బాగానే చెప్తున్నారు, నేను కాస్త చేదు మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. నేను ఉన్న ఒక క్లబ్బులో (పేరు వద్దు) ఏడాదికి నాలుగైదు చారిటీ ఆటలు పెట్టేవారు, ఒకసారి వరద బాధితులకని, ఒకసారి స్కూలు బెంచీలకని. డబ్బు ఎంత వచ్చింది, ఎక్కడికి పోయింది అని ఒక్క కాగితం ఎప్పుడూ బయటికి రాలేదు. తిన్నారని నేను అనను, బహుశా ఇచ్చే ఉంటారు, కానీ అడిగినవాడి మీద అనుమానంగా చూడటం మొదలైంది. రెండేళ్ళలో రెగ్యులర్‌గా వచ్చేవాళ్ళలో సగం మంది తగ్గారు, చారిటీయే కాదు మామూలు వారం ఆటకి కూడా టేబుళ్ళు నిండని పరిస్థితి వచ్చింది. కాబట్టి గోదారి గారూ, ఆ రాత్రే బకెట్ తిరగేసి ఇద్దరు మనుషులు లెక్కపెట్టి, నంబరు తెల్లకాగితం మీద రాసి గోడకి అంటించండి, చారిటీ వాళ్ళ రసీదు వచ్చాక దాని పక్కనే అదీ అంటించండి. ఇంకోటి, బ్రిడ్జ్ ఆడితే అల్జీమర్స్ రాదు అని పోస్టర్లలో రాస్తుంటారు, అది రాయకండి. మెదడుకి పని దొరుకుతుంది, నలుగురు మనుషులు దొరుకుతారు, అంతవరకు నిజం. ఇంట్లో ఆ జబ్బు మనిషిని చూసుకుంటూ వారానికో సాయంత్రం ఆటకొచ్చేవాళ్ళు మీ హాల్లోనే ఉంటారు, జీవితమంతా బ్రిడ్జ్ ఆడిన మొగుడికే వచ్చినావిడ మా దగ్గర ఉండేది, ఆ పోస్టరు చూసి ఆవిడ ఏమీ అనలేదు, కానీ మరుసటి వారం రాలేదు.

లెస్టర్_లక్ష్మి:
ఎంప్టీ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. మా దగ్గర ట్రెజరర్ లెక్క ఆ రాత్రే మెయిల్లో పెడుతుంది, పెన్నీలతో సహా.

సికింద్రాబాద్_డమ్మీ:
గోడకు కాయితం అంటిచ్చుడు మంచి ఐడియా. మేం వాట్సాప్‌ల పెడ్తం కానీ పెద్దోళ్ళు సగంమంది చూడరు.

గోదారి_నోట్రంప్:
అబ్బో, ఒక్క రోజులో ఇంత సమాచారం! అందరికీ పేరుపేరునా థాంక్సండి. పులిహోర, బకెట్, గోడకి లెక్క, ఈ మూడూ ఖాయం. పార్ట్‌నర్ వేలం ఆలోచన చెప్పగానే కమిటీలో ఒకావిడ "ఎవరూ పాడకపోతే ఆయన మొహం ఏం పెట్టుకుంటాడు" అంది, అదీ నిజమే కదా, ఎలా తప్పించుకుంటారు జెర్సీ గారూ? ఇంకో చిక్కు, మా దగ్గర భార్యాభర్తల జంటలు ఎక్కువ, మామూలు రోజే మూడో బోర్డుకల్లా గొంతులు లేస్తాయి, బయటివాళ్ళని కూడా పిలిచే రోజు ఏం జరుగుతుందో అని భయం.

జెర్సీ_కళావరు:
వేలానికి ముందే ఒక్కొక్కరి పేరు మీద ఒక రహస్య పాటగాడిని పెట్టుకుంటాం అండి, కనీస పాట ఖాయం, ఎవరి పరువూ పోదు. ఆ పాటగాడు ఎక్కువగా వాళ్ళావిడే 😀 పోతే భార్యాభర్తల సంగతి, 1929లో కాన్సస్ సిటీలో బెనెట్ అనే ఆయన్ని వాళ్ళావిడ బ్రిడ్జ్ ఆట మీద గొడవతో తుపాకీతో కాల్చేసింది, ఇస్పేట్లలో నాలుగు కాంట్రాక్టు (ఇన్ని పట్లు గెలుస్తానన్న మాట) పోగొట్టాడని. కోర్టు ఆవిడని వదిలేసింది కూడా. మీవాళ్ళు గొంతులతో సరిపెడుతున్నారంటే సంతోషించండి.

ఆటీన్_రాణి:
దానికి మా దగ్గర మందుంది. డిసిప్లిన్ డబ్బా. ఆట మధ్యలో పార్ట్‌నర్‌ని ఏమైనా అంటే యాభై, రంగు ఉండి వేరే ముక్క వేస్తే యాభై, ఫోను మోగితే వంద. కళ్ళు ఉరిమి చూసినా పార్ట్‌నర్ కంప్లైంట్ ఇవ్వొచ్చు. ఒక మామయ్యగారు వస్తూనే ఐదువందలు వేసేసి "ఇవాళ్టికి అడ్వాన్సు" అని అత్తయ్యగారి ఎదురుగా కూర్చున్నారు. ఆ డబ్బా మా బజ్జీల కంటే ఎక్కువ సంపాదించింది.

గోదారి_నోట్రంప్:
హహ, డబ్బా ఇవాళే కొంటాను. ఆఖరి డౌటు, మధ్యలో బ్రేకు పెడితే టైము సరిపోతుందా? ఏడింటికి మొదలు, పదిన్నరకి హాలు తాళం ఇచ్చేయాలి.

తురుపుముక్క_77:
తొమ్మిది టేబుళ్ళకి మిచెల్ అనే పద్ధతి పెడితే రౌండుకి మూడు బోర్డులు, తొమ్మిది రౌండ్లకి ఇరవై ఏడు అవుతాయి, అన్నీ ఆడకండి. ఎనిమిది రౌండ్లు, ఇరవై నాలుగు బోర్డులు చాలు. బోర్డుకి ఏడు నిమిషాలేసుకున్నా మూడు గంటలకి కాస్త లోపే, ఇరవై నిమిషాల బ్రేకు కలిపితే పది దాటి ఎనిమిది నిమిషాలవుతుంది, టేబుళ్ళు సర్దడానికి మీకు ఇరవై నిమిషాల పైచిలుకే మిగులుతుంది. అందుకని రాఫిల్ బ్రేకులోనే తీసేయండి, ఆఖర్లో పెట్టుకోవద్దు. ఎవరైనా రాక జంట తగ్గితే ఆ రౌండు ఖాళీగా ఉన్నవాళ్ళ చేతికి టికెట్ల పుస్తకం ఇవ్వండి. సిమ్ (సైమల్టేనియస్ పెయిర్స్) కాబట్టి కనీసం ఎన్ని బోర్డులు ఆడాలో డైరెక్టర్‌ని ఒకసారి అడిగి అప్పుడు ఖాయం చేసుకోండి.