డ్యాష్‌బోర్డు లైట్ల రంగు ఇంట్లోనే మార్చొచ్చా?

అన్నలూ, మాది హనుమకొండ. 2009 మోడల్ కారు, నాన్న నడుపుతారు. మీటర్ వెనక ఆకుపచ్చ లైటు మసకబారింది. రాత్రిపూట పరకాల నుంచి వస్తుంటే స్పీడు అంకెలు ఆయనకు కనబడటం లేదు.

తెల్లగా మారుద్దామని ఆదివారం బ్యాటరీ మైనస్ వైరు తీసి, మీటర్ విప్పాను. ఒక బల్బు స్థానంలో తెల్ల ఎల్‌ఈడీ పెడితే వెలగలేదు. తిప్పి పెడితే వెలిగింది, కానీ వెలుగు మళ్లీ ఆకుపచ్చే! చూస్తే డయల్ వెనకాలే ఆ రంగు పూత ఉంది. అది గీకాలంటే ముల్లు పీకాలి. తర్వాత స్పీడు తప్పు చూపిస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ముల్లు తీయకుండా పూత పోగొట్టే దారి ఉందా? తీయక తప్పదంటే, మళ్లీ సరిగ్గా ఎలా కూర్చోబెట్టాలి? సొంతంగా చేసినవాళ్లు చెప్పండి. వరంగల్‌లో మీటర్లు బాగుచేసే మంచి మెకానిక్ ఎక్కడున్నారో చెప్పినా చాలు.