ఆటోమేటిక్ బండి ఎక్కుడు మీద వెనక్కి జారింది, గేర్‌బాక్స్ ఖరాబైనట్టేనా?

నల్లగొండ పోరడు:
అన్నలూ జర తెలిసినోళ్లు చెప్పుండ్రి. నాది ఏఎంటీ (గేర్లు అదే మార్చుకునే) బండి, కొని రెండేండ్లయింది, ఇప్పటిదాంక ఏ లొల్లి లేదు. మొన్న అమాసకు చెర్వుగట్టు పోయినం, పైన పార్కింగ్‌ల జాగ లేక జర కిందనే ఎక్కుడు మీద పక్కకు ఆపిన, బిడ్డ వెనక సీట్ల పండుకుందని ఏసీ కోసం ఇంజన్ బంద్ చెయ్యలే, గేరు డి (డ్రైవ్) లనే ఉంది. గేర్ల ఉన్నంక యాడికి పోతది అనుకొని డోర్ తీసి ఒక కాలు కింద పెట్టిన్నో లేదో టిక్కు టిక్కుమని సౌండొచ్చింది, చూస్తే మీటర్ల ఎన్ (న్యూట్రల్) పడ్డది, బండి వెనక్కి పోవుడు షురూ. నేనైతే ఎన్ ఎయ్యలే, ఒట్టు. మా బాపు రాయి తెచ్చి టైరు కింద పెట్టేలోపు రెండు గజాలు జారింది, నేనేమో డోరు పట్టుకొని గుంజుతున్న, బండిని చేత్తో ఆపుతనట! షోరూంల కంప్యూటర్ పెట్టి చూసి ఎర్రర్ ఏం లేదు అన్నరు, అంతే. మరి దానంతటదే ఎన్ ఎట్ల పడ్తది? శివరాత్రికి శ్రీశైలం పోవాల్నని ఉంది, ఇంట్ల ఆడోళ్లు ఈ బండి ఎక్కనే ఎక్కం అంటున్నరు.

చిట్యాల రోడ్డు:
గందుకే మాన్యువల్ కొనుమనేది. అమ్మెయ్ తమ్మీ.

పాలమూరు మెకానిక్:
అమ్ముడెందుకే, ముందు సంగతి ఇను. ఏఎంటీ అంటే లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నీ కాలుకు బదులు ఒక మోటరు తొక్కుతది. ఇంజన్ నడుస్తుండంగ బ్రేక్ తొక్కి ఆపినవంటే క్లచ్ తొక్కే ఉంటది, అంటే పేరుకే గేర్ల ఉంది, చక్రాలకు ఏ పట్టూ లేదు. కొన్ని మోడళ్లల్ల బ్రేక్ మీద కాలు లేకుంట డ్రైవర్ డోర్ తీస్తే సౌండ్ చేసి అదే ఎన్ కు పోతది, బండి ముందుకు దుంకొద్దని పెట్టిండ్రు, బండితోని ఇచ్చిన బుక్కుల చూడు. అదే ఇంజన్ బంద్ చేస్తే క్లచ్ పట్టుకుంటది, అప్పుడు గేరు ఆపుతది. ఎక్కువ ఏఎంటీలల్ల పీ (పార్కింగ్) ఉండదు, కాబట్టి నీకు దిక్కు హ్యాండ్‌బ్రేకే. అది గుంజినవా లేదా? ఆ ముచ్చటే రాయలే నువ్వు.

మిర్యాలగూడ:
నాది టార్క్ కన్వర్టర్ (ఇంకో రకం ఆటోమేటిక్), పీ ఉంది. హ్యాండ్‌బ్రేక్ అక్కర్లేదు గదా అన్నా?

పాలమూరు మెకానిక్:
అక్కర్లేదా! పీ ల గేర్‌బాక్స్ లోపల ఒక చిన్న కొండి పండ్ల చక్రంల ఇరుక్కుంటది, బండి బరువంత దాని మీదనే. ఎక్కుడు మీద ముందు బ్రేక్ తొక్కే ఉంచి ఎన్ ఏసి, హ్యాండ్‌బ్రేక్ గుంజి, బ్రేక్ మీదికెళ్లి కాలు తీసి, బండి కుదురుకున్నంక మళ్ల బ్రేక్ తొక్కి పీ ఎయ్యి. పీ తీసేటప్పుడు టక్కుమంటుందంటే నువ్వు ఉల్టా చేస్తున్నట్టు.

అచ్చంపేట:
శ్రీశైలం పోతే దిగుడు గురించి ఆలోచించు తమ్మీ. ఈగలపెంట దాటినంక కృష్ణ దాంక మలుపులే మలుపులు, పెట్రోల్ మిగుల్తదని ఎన్ ల ఇడుస్తరు కొందరు, బ్రేకులు కాలి వాసనొస్తది. మాన్యువల్ మోడ్ ల పెట్టి రెండో గేర్లనో మూడో గేర్లనో దింపు, ఇంజనే ఆపుతది. ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ల యాక్సిలేటర్ మీద బండిని నిలబెట్టకు, క్లచ్ కాల్తది. మామూలు రోజులల్ల రాత్రి 9 నుంచి పొద్దున 6 దాంక మన్ననూరు అడవి గేటు బంద్, పొద్దుగాలనే ఎల్లుండ్రి.

నల్లగొండ పోరడు:
మెకానిక్ అన్నా దొరికిపోయిన. హ్యాండ్‌బ్రేక్ గుంజిన్ననే యాదికుంది, కానీ ఇయ్యాల పానగల్ కట్ట ఎక్కుడు మీద చూస్తే పది టిక్కులు గుంజినా పట్టుతలేదు, కేబుల్ లూజు. షోరూమోళ్లు అదొక్కటి చూడలే. మా గల్లీ మెకానిక్ టైట్ చేసిండు, ఇప్పుడు ఐదు టిక్కులకే కదుల్తలేదు. ఆడోళ్లు ఒప్పుకున్నరు. బాపు మాత్రం ఆ రాయిని డిక్కీలనే పెట్టిండు, తియ్యనిస్తలేడు.