సూర్యాపేటలో 60 లక్షలు: హైవే పక్క కొత్త షట్టర్లా, బజార్ల పాత మడిగెనా?

పేట పిల్లగాడు:
అన్నలూ, 65వ నంబర్ హైవే పక్కన కాంప్లెక్స్ లేస్తుంది, రెండు షట్టర్లు 60 లక్షలకి ఇస్తమంటున్నరు, పూర్తయ్యేదాకా నెలకి 30 వేలు కిరాయి కూడా వాళ్ళే కడతరట. అవే పైసలకి బజార్ల ఒక పాత మడిగె వస్తుంది, కిరాయి మాత్రం 20 వేలే. మా నాయన రిటైర్మెంట్ పైసలు, భయమైతుంది. ఏది నయం?

హైవే అన్న:
హైవేదే తీస్కో తమ్ముడూ. 2016ల జిల్లా అయింది, 2019ల మెడికల్ కాలేజీ వచ్చింది, ఖమ్మం నాలుగు వరసల రోడ్డు మన దగ్గర్నే చీలుతుంది, విజయవాడ రోడ్డు ఆరు వరసలు చేస్తమంటున్నరు. అటు హైదరాబాద్‌కి ఇటు బెజవాడకి సుమారు సగం దూరం, టిఫిన్‌కి ఇక్కడే ఆగుతరు. బజార్ల కారు పెట్ట జాగేది?

మడిగె మామ:
అల్లుడూ, ఆగేటోళ్ళు పెద్ద హోటళ్ళ కాడ ఆగుతరు, వాళ్ళకి పార్కింగే ఎకరాల లెక్కన ఉంటది, నీ రెండు షట్టర్ల ముందు వంద స్పీడుల పోయేటోడు బ్రేక్ ఎందుకు కొడతడు? నేను గిట్లనే హైవే మీద ఒకటి కొన్న, మొదట్ల బాగనే నడిచింది, తర్వాత మా ముందటి డివైడర్ గ్యాప్ మూసేసిండ్రు, అవతలి పక్కోళ్ళు రావాలంటే చుట్టు తిరగాలె, మూడు నెలలల్ల మెస్సోడు ఖాళీ చేసి పోయిండు, 14 నెలలు తాళం. ఆరు వరసలు అయితే సర్వీస్ రోడ్డు ఎటు పడ్తదో, అండర్‌పాస్ గోడ నీ షట్టర్‌కి అడ్డం వస్తదో ముందే చూస్కో. హైవే ఎక్కే దారికి పర్మిషన్ కాగితం ఉందా? రేరా నంబర్, అంటే రియల్ ఎస్టేట్ మీద సర్కారు అథారిటీ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా? అది లేకుండా గసొంటి కాంప్లెక్స్ అమ్మకానికి పెట్టొద్దు. గా 30 వేల కిరాయి సంగతంటవా, నీ 60 లక్షల నుంచే తీసి నీకు ఇస్తున్నరు, ధరల ముందే కలిపి ఉంటది.
బజార్ మడిగె కూడా బంగారం ఏం కాదు, రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం అంటే నాలుగున్నర లక్షలు, అవి కలిపితే ఏడాదికి 2.4 లక్షల కిరాయి నాలుగు శాతం కూడా పడదు, బ్యాంకుల ఎఫ్‌డీ అంతకన్న ఎక్కువ ఇస్తది. అయినా చుట్టు ఊళ్ళ జనం బట్టలకి, ఎరువులకి, పుస్తెలకి అక్కడికే వస్తరు, ఒకడు పోతే ఇంకొకడు అడ్వాన్స్ పట్టుకోని నిలబడ్తడు.

హైవే అన్న:
మామా, కిరాయి కోసం ఎవరు కొంటరు, రేటు పెరుగుతదనే గదా. షట్టర్ వద్దంటే అదే పైసలకి హైవేకి కొంచెం లోపల ఓపెన్ ప్లాటు తీస్కోమను, పదేండ్లు ఆగితే చాలు.

మడిగె మామ:
పదేండ్లు నువ్వు ఆగుతవు, వాళ్ళ నాయన మందులు ఆగుతయా?

పేట పిల్లగాడు:
రేరా నంబర్ అడిగిన మామా, "అప్లై చేసినం, వస్తది" అన్నరు. టోకెన్ ఇయ్యలే. బజార్ మడిగెది రేపు లింకు డాక్యుమెంట్లు (ఎవరెవరి చేతులు మారిందో చూపే పాత కాగితాలు) చూపిస్తమన్నరు, ఈసీ (దాని మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీస్త, కిరాయిదారునితోని కూడా నేనే పోయి మాట్లాడ్త.