ప్రతీకారమా, ప్రతికారమా? పసిబిడ్డ గుప్పిటకు ఏ మాట?

తాటాకు: పదో తరగతి జీవశాస్త్రంలోని ఒక వాక్యం కొన్నాళ్లుగా బుర్రలో తిరుగుతోంది. "అసంకల్పిత ప్రతీకార చర్య" దాకా గుర్తుంది. తర్వాత వెన్నుపాము అని ఏదో వస్తుంది. పూర్తి వాక్యం ఎవరికైనా గుర్తుందా? అసలు అవసరం ఏమిటంటే, పురిటిబిడ్డల రిఫ్లెక్సుల మీద, అంటే అనుకోకుండానే ఒళ్లు చేసేసే కదలికల మీద, వ్యాసం రాస్తున్నాను. అరచేతిలో వేలు పెడితే బిడ్డ గట్టిగా పట్టుకుంటుంది కదా, దాన్ని "ప్రతీకారం" అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పైగా అది "ప్రతీ"నా, "ప్రతి"నా?

ద్విపద: రెండూ సాధువులే. పాణిని వ్యాకరణ సూత్రం "ఉపసర్గస్య ఘఞ్యమనుష్యే బహులమ్" (6.3.122) చూడండి. బహులమ్, అంటే ఒకోచోట వస్తుంది, ఒకోచోట రాదు అన్నాడు కాబట్టి దీర్ఘం వచ్చినా రాకున్నా తప్పులేదు. పరిహాసం, పరీహాసం కూడా ఇలాగే. తెలుగు చెవికి మాత్రం దీర్ఘమే బాగుంటుంది.

అరసున్న: సూత్రం సరే, అర్థం మాటేమిటి? శాకుంతలం మూడో అంకంలో అనసూయ ఏమంటుంది? వికారమేమిటో సరిగ్గా తెలియకుండా ప్రతీకారం మొదలుపెట్టలేం అంటుంది. అక్కడ ప్రతీకారమంటే చికిత్స, విరుగుడు. వేడి తగలగానే చెయ్యి వెనక్కి లాక్కోవడం ఆ వేడికి విరుగుడే. పాఠ్యపుస్తకం రాసినవారు తెలిసే పెట్టారు. పగ అనే అర్థం ఒక్కటే మిగుల్చుకున్నది మనం.

తాటాకు: వేడికి సరిపోయింది. మరి వేలు పట్టుకోవడం దేనికి విరుగుడు?

పురిటివార్డు: నేను రోజూ చూసే పని కాబట్టి చెబుతున్నాను. పట్టు గర్భంలోనే మొదలవుతుంది, ఐదారు నెలలకు పోతుంది. బుగ్గ తాకితే నోరు అటు తిప్పి తడుముకోవడం నాలుగు నెలల దాకా ఉంటుంది. ఇవేవీ దెబ్బకు జవాబులు కావు. నాకు "ప్రతిక్రియ" నయమనిపిస్తుంది.

ద్విపద: ప్రతిక్రియకూ ప్రతీకారానికీ ధాతువు ఒకటే, ఉపసర్గ ఒకటే. పాత వాడుకలో ప్రతిక్రియ అన్నా చికిత్సే. ఒక గుమ్మం దాటి అదే ఇంట్లోకి వెళ్లారు. అచ్చతెలుగులో "ఉలికిపాటు" ఉండగా ఈ తంటా ఎందుకు? "ఉలుకూ పలుకూ లేదు" అన్నప్పటి ఉలుకే. ఉలుకు, ఉలికిపడు, ఉలిక్కిపడు. ఆ ద్విత్వ కకారంలోనే ఒళ్లు అదిరిపడడం వినిపిస్తుంది.

పురిటివార్డు: ఉలికిపాటు వేరండీ. చప్పుడుకి ఉలిక్కిపడితే చేతులు ముడుచుకుంటాయి. పురిటిబిడ్డల్లో మేం చూసే మోరో రిఫ్లెక్స్ అలా ఉండదు. బిడ్డ తలను చేత్తో పట్టుకుని, కాస్త పైకెత్తి, ఆ చెయ్యి కొద్దిగా కిందికి జారనిస్తాం. ముందు రెండు చేతులూ బార్లా చాపుకుంటాయి, వేళ్లు విచ్చుకుంటాయి. తర్వాత దగ్గరికి వస్తాయి, అప్పుడు ఏడుపు. ఒక చెయ్యే లేచి రెండోది లేవకపోతే మెడఎముక విరిగిందా, భుజం నరాలు సాగాయా అని వెంటనే చూస్తాం. 1918లో దీని గురించి రాసిన ఎర్నస్ట్ మోరో పెట్టిన జర్మన్ పేరుకు కూడా కావిలించుకోవడం అనే అర్థం.

అరసున్న: అయితే ఉలుకు చాలదు. "అసంకల్పిత" మాత్రం వదలకండి, ఆ పదబంధానికి ప్రాణం అక్కడే ఉంది. సంకల్పం పుట్టేది మెదడు పైపొరల్లో. మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కబురు వెన్నుపాము దాకా వెళ్లి, ఒకే ఒక్క నాడీసంధి దాటి, తొడ కండరానికి తిరిగొచ్చేస్తుంది. మెదడుకు తెలిసేసరికి కాలు లేచిపోయి ఉంటుంది.

ద్విపద: అసంకల్పితం అనగానే నాకు పోతన గారు గుర్తొచ్చారు. "అమ్మా! మన్ను తినంగ నే శిశువునో యాకొంటినో వెఱ్ఱినో". ఆ మూడూ ఏమిటో గమనించారా? పసితనం, ఆకలి, వెర్రి. మనిషి తన సంకల్పం లేకుండా పనిచేసే మూడు స్థితులనూ వరసగా పేర్చి, నాకు ఏదీ లేదంటున్నాడు కృష్ణుడు. వెన్నుపాము పాఠం మొత్తం ఆ పాదంలో ఉంది.

అరసున్న: "యాఁకొంటినో" అని అరసున్నతో రాయాలి. ఆఁకలి, ఆఁకొను.

ద్విపద: కీబోర్డులో దొరకలేదండీ. నా మాటకు జవాబు చెప్పండి.

అరసున్న: అంత పెద్ద అర్థం పోతన ఉద్దేశించాడనుకోను. ఆయన శిశువు బొంకు నేర్చిన శిశువు, పురిటిబిడ్డ కాదు. అయినా "నే శిశువునో"లో ఆ "నో" గడుసుదనం ఇంకెవరికీ రాదు, అది ఒప్పుకుంటాను.

పురిటివార్డు: పద్యం చదివాక ఒకటి చెప్పాలనిపించింది. ఈ రిఫ్లెక్సులు "పోతాయి" అని నేనే రాశాను గానీ, పూర్తిగా చెరిగిపోవు. ఎదిగే మెదడు వాటిని అణచిపెడుతుంది. మెదడు ముందుభాగం దెబ్బతిన్న పెద్దవాళ్లలో ఆ గుప్పిటపట్టు మళ్లీ బయటపడుతుంది. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేవడం పసివాళ్లలో మామూలే, పెద్దవాళ్లలో మాత్రం నరాల జబ్బుకు గుర్తు. 1896లో నరాల వైద్యుడు బాబిన్‌స్కీ చెప్పినది అదే.

తాటాకు: అలాగైతే "శిశు సహజ ప్రతిచర్యలు" అని రాస్తే?

ద్విపద: ప్రతిచర్య వద్దు. వార్తల్లో "ప్రభుత్వ ప్రతిచర్య" అంటున్నారు, అది ఆలోచించి చేసేది. మీ వ్యాసంలో "ప్రతీకారం" అని దీర్ఘంతోనే రాసి, మొదటి పేరాలో విరుగుడు అర్థం చెప్పండి.

పురిటివార్డు: విరుగుడు అని చెబితే పట్టు కుదరదని ఇందాకే అన్నాను కదండీ.

అరసున్న: పట్టు సంగతి రేపు చూద్దాం. ద్విపద గారూ, "ఉలిక్కిపడు" ప్రాచీన కావ్యాల్లో ద్విత్వంతో ఎక్కడుందో ఒక్క ప్రయోగం చూపించండి. చూపించేదాకా నేను "ఉలికిపడు" అనే రాస్తాను.