అహంకారం సత్యానికి ఎందుకు అడ్డం తిరుగుతుంది? కావ్యకంఠుల ఉదాహరణ

అరుణగిరి యాత్రికుడు:
బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. 1900లో నవద్వీపం పండితుల సభలో ఆశుకవిత్వం చెప్పి ‘కావ్యకంఠ’ బిరుదు తెచ్చుకున్నారు. అంతటి మనిషి 1907 నవంబరులో తిరువణ్ణామలై కొండెక్కి, తనకంటే వయసులో చిన్నవాడైన రమణ మహర్షి కాళ్ళు పట్టుకున్నారు. చదవాల్సినవన్నీ చదివాను, కావలసినంత జపం చేశాను, అయినా తపస్సంటే ఏమిటో తెలియలేదు అన్నారు. ‘నేను’ ఎక్కడ పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అన్నారు రమణులు.

అన్ని శాస్త్రాలు చదివినా అప్పటిదాకా అది అందలేదంటే కారణం అహంకారమే అంటాను. సత్యం తెలిస్తే తాను మిగలదు, అందుకే ఒప్పుకోదు. చదువునీ దానధర్మాల్నీ కూడా తన ఖాతాలోనే వేసుకుంటుంది. మీరేమంటారు?

శర్మ_టెక్కలి:
నూటికి నూరుపాళ్ళు నిజం.

పాత పుటలు:
1907 వాళ్ళ మొదటి కలయిక కాదు. 1903లోనే గణపతి ముని కొండ మీద రమణులను చూశారు. మీరు రాసింది చదివితే అప్పుడే మొదటిసారి కలిసినట్టుంది.

అరుణగిరి యాత్రికుడు:
మొదటిసారి అని నేనెక్కడ రాశానండీ?

కొల్లేరు గాలి:
యాత్రికుడు గారూ, మీ వాదంలో నాకు భయం వేసేది ఒకటుంది. ఒప్పుకున్నవాడు జ్ఞాని, ఒప్పుకోనివాడు అహంకారి. ఇక ఎదుటివాడు ఏం మాట్లాడినా ఓడిపోయినట్టే కదా?

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా నాన్న ఎకరంన్నర పొలం ఒక ఆశ్రమానికి రాసిచ్చారు. అన్నదానానికి అని చెప్పి రాయించుకున్నారు. రెండేళ్ళకు ఆ పొలం చేపల చెరువైంది. అమ్మ వెళ్ళి కౌలు డబ్బు ఎటు పోతోందని అడిగింది. అక్కడి పెద్దాయన అందరి ముందూ, ‘ఇచ్చాను అనే అహంకారం నీకింకా పోలేదమ్మా’ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలూపారు. అమ్మ మళ్ళీ నోరెత్తలేదు.

అరుణగిరి యాత్రికుడు:
మీ బాధ అర్థమైంది. కానీ ఎవడో దొంగ ఆ మాట వాడుకుంటే మాట అబద్ధమైపోదు. మీ ఇంటి ఆస్తి గొడవ తెచ్చి ఆధ్యాత్మికతకు అంటగట్టకండి.

కొల్లేరు గాలి:
ఆస్తి గొడవా? పొలం తిరిగిమ్మని ఎవరడిగారు? లెక్క అడిగింది. మీరూ ఆ పెద్దాయనలాగే మాట్లాడుతున్నారు.

అరుణగిరి యాత్రికుడు:
ఈ కోపం చూశారా? నేను మొదట రాసింది దీని గురించే.

కొల్లేరు గాలి:
చూశారా అందరూ! నేను ఇప్పటిదాకా మొత్తుకుంటున్నది కూడా దీని గురించే.

పాత పుటలు:
ఇద్దరూ కాస్త ఆగండి. 1903 సంగతి ఇంకా తేలలేదు.

సుభద్ర_తెనాలి:
రమణులు చెప్పిన కథ ఒకటుంది. పెళ్ళికి పిలవని మనిషి ఒకడొచ్చాడు. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి మనిషి అనుకున్నారు, మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి మనిషి అనుకున్నారు. రెండు విడిదుల్లోనూ మర్యాదలు చేయించుకున్నాడు. అసలు వీడెవరని ఆరా మొదలవగానే కనబడకుండా పోయాడు. అహంకారం అలాంటిదన్నారు. కాబట్టి యాత్రికుడు గారి మాటలో నిజముంది, ఆరా తీయడమే దానికి గిట్టదు. కానీ ఆ ఆరా ఎవరికి వారు లోపల తీసుకోవలసింది. ‘నేనెవరు’ అని నన్ను నేను అడుక్కోమన్నారు, పక్కవాణ్ణి నిలదీయమనలేదు.

ఇంకో సంగతి. రమణాశ్రమం నిర్వహణ మీదా దావా పడింది. 1936లో కోర్టు కమిషన్ వేసిన ప్రశ్నలకు రమణులు కూర్చుని జవాబులు చెప్పారు. అడగడమే అహంకారమైతే అంతటాయన జవాబు చెప్పేవారా?

అరుణగిరి యాత్రికుడు:
సుభద్ర గారూ, లెక్కలు అడగకూడదని నేను అనను, అనలేదు కూడా. నా బాధ వేరు. ఎవరూ ఎత్తి చూపకపోతే మనిషికి తన అహంకారం ఎప్పటికీ కనబడదు. మా గురువుగారు ఒకసారి నా ప్రవచనం విని, నీ గొంతు నువ్వే వింటున్నావురా అన్నారు. మంట పుట్టి లేచి వచ్చేశాను. ఏడాది పైన వాళ్ళ వీధి మొహం చూడలేదు. కానీ ఆయన అనకపోతే నేను ఇప్పటికీ మైకు ముందే ఉండేవాణ్ణి. కొల్లేరు గారి మాట పట్టుకుంటే ఇక ఏ గురువూ ఎవర్నీ ఏమీ అనకూడదు.

కొల్లేరు గాలి:
ఇప్పుడు అసలు విషయానికొచ్చారు. మీరు కోరి ఒకరిని గురువు అనుకున్నారు. లేచి వచ్చేసే వీలు మీకుంది, ఇష్టమై మళ్ళీ వెళ్ళారు. మా అమ్మ ఆయన్ని గురువు అనుకోలేదు, అడిగింది తత్త్వం కాదు. గణపతి ముని ఆ తర్వాత కూడా దేశ స్వాతంత్ర్యం కోసమని మంత్రతపస్సు చేస్తూనే ఉన్నారు. నీది అహంకారం పొమ్మని రమణులు ఆయన్ని వెళ్ళగొట్టలేదు.

అరుణగిరి యాత్రికుడు:
అడగకుండా చెప్పినా మేలు జరుగుతుందనే నేను ఇప్పటికీ అంటాను. గురువైనవాడికి ఆ చొరవ ఉండాలి.

కొల్లేరు గాలి:
ఉండకూడదని నేనంటాను.

శర్మ_టెక్కలి:
కొల్లేరు గారూ, అమ్మగారికి చివరికి లెక్కలు చూపించారా?

కొల్లేరు గాలి:
లేదండీ. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు నకలు తీయించాను. అన్నదానానికే అని అందులో రాసి ఉంది. వచ్చే వారం లాయరు గారిని కలుస్తున్నాను, ఈసారి అమ్మ కూడా వస్తానంది.