థార్ వెనక యాక్సిల్‌కి ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) వేయించడం దండగా?

ప్రశ్న: ఓపెన్ డిఫరెన్షియల్ (పట్టు లేని చక్రం ఊరికే తిరిగిపోయే మామూలు రకం) ఉన్న పాత థార్ జీపు. ఎక్కువగా బురద, ఇసుక; అప్పుడప్పుడు రాళ్ల దారి. జారే చక్రం నుంచి రెండోదానికి కొంత బలం మళ్లించే ఎల్‌ఎస్‌డీ సరిపోతుందా, రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పే లాకరే వేయించాలా?

జవాబు 1: బురదలో రెండు చక్రాలూ నేల మీదే ఉంటాయి కాబట్టి చాలు. రాళ్ల మీద ఒకటి గాల్లోకి లేచిందా, క్లచ్ రకం (లోపల ప్లేట్లు ఉండే) ఎల్‌ఎస్‌డీలో ప్రీలోడ్ (ప్లేట్లకు ముందే ఉన్న బిగింపు) మేరకే రెండోదానికి టార్క్ (తిప్పే బలం) వెళ్తుంది, గేర్ రకంలో దాదాపు సున్నా. అప్పుడు బ్రేకు కాస్త తొక్కిపట్టి యాక్సిలరేటర్ ఇవ్వండి, కదులుతుంది.

జవాబు 2: క్లచ్ రకమైతే ఆయిల్ సంగతి చూసుకో అన్నా. జీఎల్-5 గేర్ ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్లు మెత్తగా జారడానికి కలిపేది) లేకపోతే మలుపుల్లో పట్టి వదులుతూ టకటకలాడుతుంది. వాడిన ఎల్‌ఎస్‌డీ ఉన్న బండి కొంటుంటే టూవీల్ డ్రైవ్‌లో, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి, నేల మీది చక్రాలకు అడ్డు పెట్టి, ఒక వెనక చక్రం జాకీతో లేపి చేత్తో తిప్పు. సులువుగా తిరిగిందంటే ప్లేట్లు అరిగిపోయినట్టే.

జవాబు 3: రాళ్లే ఎక్కువైతే లాకర్, సందేహమే లేదు. తారు రోడ్డెక్కగానే లాక్ ఆఫ్ చెయ్యాలి, లేకపోతే మలుపుల్లో యాక్సిల్ షాఫ్టుల మీద భారం. ఇసుకకైతే ముందు టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించి చూడండి, పైసా ఖర్చు లేదు.